కొండల్ తుడిచిన షటిల్

పుట్టినూరు టేకుమట్లలో ఒడిబియ్యం పోసిన రోజు, పందిట్లో రెండో బంతి నడుస్తుండగా, రాజమణి తన చెల్లెలి మొగుణ్ణి దొంగ అన్నది. చాటుకు పిలిచి కాదు, గొంతు తగ్గించి కాదు. విస్తళ్ళ ముందు కూర్చున్న చుట్టాలందరికీ వినపడేటట్టు అన్నది.

"నా కుట్టు మిషిన్ల షటిల్ తీసి అమ్ముకున్నడు. పాతది ఉక్కు సామాను. దాని జాగల రేకుముక్క పెట్టి తెచ్చిచ్చిండు. మీ జాకిట్లు గందుకే కాలేదు."

కొండల్ అప్పుడు పప్పుచారు బకెట్ పట్టుకొని వడ్డిస్తున్నాడు. ఆ ఇంటి అల్లుడై ఉండీ, ఏ పండుగకు వచ్చినా నడుముకు తువ్వాల చుట్టి పనిలోకి దిగే మనిషి. బకెట్ కింద పెట్టాడు.

"గది నీ షటిలే వదినా. కడిగిన, గంతే."

"కడిగితే ఇనుము వెండైతదా?"

బంతిలో ఎవరో కిసుక్కున నవ్వారు. దొంగ అన్న మాట కన్నా ఆ నవ్వే దూరం పోయింది. అతని పెళ్ళాం కల్పన అప్పుడే పుట్టింటివాళ్ళు పోసిన బియ్యం ఒడిలో కట్టుకొని పీట మీద ఉంది. లేస్తే బియ్యం జారతాయి, కూర్చుంటే మొగుడి మొహం చూడాలి. ఆ సాయంత్రం మొగుడూ పెళ్ళాం ఎంగిలి పడకుండానే బస్సెక్కారు.

అసలు ఆ మిషన్ రాజమణికి ఏరి ఇప్పించింది కొండలే.

జనగామలో స్టేషన్ వెనక సందులో అతని దుకాణం. కొత్త మిషన్లు అమ్మేవాడు కాదు. అమ్మమ్మల కాలం నాటి నల్లటి ఇనుప మిషన్లను బాగుచేసేవాడు. ఇంట్లో కుట్టుకునే ఆడవాళ్ళకు అలాంటివి వెతికి పెట్టేవాడు. ఇంటి కుట్టుకు అదే మేలని అతని నమ్మకం. మోటరు ఉండదు, కరెంటుతో పని లేదు, రవికె గుడ్డనూ కుడుతుంది, బొంతనూ కుడుతుంది. బాగా చూసుకుంటే మనిషి కన్నా ఎక్కువ కాలం బతుకుతుంది.

రాజమణి మరిపెడ నుంచి మిషన్ కొనడానికి వచ్చినప్పుడు ముందుగా ఆమె కన్ను, కొత్తగా రంగు వేసి బంగారు పూలు అంటించిన ఒక మిషన్ మీద పడింది. "గిది మస్తున్నది కొండలూ. అద్దం లెక్క మెరుస్తున్నది."

"మొఖానికి పౌడర్ దండిగ కొట్టుకున్నోళ్ళను జర అనుమానించాలె వదినా."

పక్కనే ఉన్న కల్పన ఊరుకుంటుందా? "మరి నన్నెట్ల చేసుకున్నవయ్యా?"

"గప్పుడు నాకు మిషిన్ల సంగతే ఎరుక."

ముగ్గురూ నవ్వుకున్నారు. అతను వాళ్ళను వెంటబెట్టుకొని ఒక రిటైరైన రైల్వే ఉద్యోగి ఇంటికి తీసుకుపోయాడు. అక్కడ మూలన పడి ఉంది, పూలన్నీ చెరిగిపోయిన నల్లటి మిషన్. దారం ఎక్కించకుండానే చక్రాన్ని చేత్తో తన వైపు తిప్పి, తల వంచి విన్నాడు. సూది కడ్డీని వేళ్ళతో పట్టి ఊపాడు; ఆట లేదు. గుడ్డను జరిపే కింది పళ్ళు అరిగాయేమోనని బొటనవేలితో తడిమాడు. మిషన్ను పక్కకు వంచి అడుగున టార్చి వేశాడు. "తుప్పున్నా పర్వాలేదు, తుడిస్తే పోతది. బీట ఉంటే మాత్రం తీసుకోవద్దు." తర్వాత జేబులోంచి రెండు గుడ్డపేలికలు తీశాడు, ఒకటి పలుచటి మల్లు, ఒకటి పాత ప్యాంటు ముక్క. రెండింటి మీదా కుట్టు ఒకేలా పడ్డాక గానీ "ఊఁ" అనలేదు.

రాజమణి ఆ మిషన్ మీదే మరిపెడలో పేరు తెచ్చుకుంది. ఒక దసరాకు ముందు అది కాస్త బరువెక్కినట్టు తోచి, జనగామకు పంపింది. కొండల్ దాన్ని పూర్తిగా విప్పాడు. ఎండి బంకలా మారిన పాత నూనెను కిరోసిన్‌తో కరిగించాడు. కింది దారాన్ని పట్టి తిప్పే ఉక్కు ముక్క, షటిల్, ఏళ్ళ నూనె పట్టి ముదురు బెల్లం రంగులోకి తిరిగింది. దాన్ని తుడిచి తుడిచి తెల్లగా చేశాడు. పైనున్న రంధ్రాల నిండా మిషన్ నూనె పోసి, స్వయంగా మరిపెడకు తెచ్చి దించాడు.

దసరా పోయిన కొద్ది రోజులకే మిషన్ మొరాయించింది. తొక్కితే కాళ్ళు గుంజేవి. పట్టా జారి చక్రం వెనక్కి తిరిగేది, దారం తెగేది. టేకుమట్లలో ఒడిబియ్యానికి చుట్టాలందరి జాకెట్లూ కుట్టి ఇస్తానని మాటిచ్చిన రాజమణి కంగారు పడింది. సూది కింది పళ్ళెం విప్పి చూస్తే, ఎన్నడూ చూడని తళతళలాడే షటిల్. రిపేరువాళ్ళు పాత ఉక్కు సామాను తీసుకొని కొత్త నాసిరకం పెడతారని ఊళ్ళో అనుకునేదే. ఒక మనిషి మంచిగా చేసిన పని, అతని మీదే సాక్ష్యమైంది.

అతన్ని ఒక్కమాట అడిగినా సరిపోయేది. రాజమణి అడగలేదు, అన్నది.

నలుగురు కుట్టించుకునే ఊళ్ళలో ఇలాంటి మాట ఆగదు. దుకాణంలో మిషన్ వదిలిపోయే ఆడవాళ్ళు మెల్లగా అక్కడే కూర్చోవడం మొదలుపెట్టారు. నీరజ అని ఒకావిడ, పని అయ్యేదాకా స్టూలు మీంచి కదలలేదు.

"సాయంత్రం రా అక్కా, జర టైం పడ్తది."

"ఊకెనే కూసున్నన్నా. ఇంట్ల ఏం పనున్నది?"

ఆమె కళ్ళు మాత్రం అతని చేతుల మీదే ఉన్నాయి. కొండల్ తీసిన ప్రతి ముక్కనూ ఆమె ముందున్న గుడ్డ మీద పెట్టి, మళ్ళీ ఆమె చూస్తుండగానే బిగించాడు. తర్వాత్తర్వాత ఆ కూర్చునేవాళ్ళు కూడా రాలేదు. కొండల్ దుకాణం ఎత్తేసి భూపాలపల్లికి పోయి, బొగ్గు గనుల దగ్గర ఒక కాంట్రాక్టరు కింద కూలిలో చేరాడు. నూనె చుక్క ఎక్కడ వేయాలో కళ్ళు మూసుకొని చెప్పగల చేతులకు పార ఇచ్చారు.

రాజమణి ఆ మిషన్ను మెట్ల కింద పడేసి, తేలికపాటి కొత్తది కొనుక్కుంది. అక్కాచెల్లెళ్ళ మధ్య రాకపోకలు ఆగిపోయాయి.

ఏళ్ళు గడిచాక కోడలు పూజ దాన్ని బయటికి లాగింది. పిల్లల జీన్సు మడత పెట్టి కుట్టబోతే కొత్త మిషన్ సూదులు విరుస్తోందని, ఫోన్లో వీడియోలు చూసి పాతదాన్ని నడిపిద్దామని ఆమె పట్టుదల.

"అత్తమ్మా, పైన గీ బొక్కలేంది, మన్ను పోసినట్టున్నయ్?"

కిరోసిన్ చుక్కలు వేసి నానబెట్టింది. చక్రాన్ని అటూ ఇటూ కదిలించగా, కదిలించగా రంధ్రాల్లోంచి ఎర్రగా, పచ్చగా ముద్దలు పైకి తేలాయి. పుల్లతో తీస్తే బియ్యపు గింజలు కూడా వచ్చాయి.

పూజ పకపకా నవ్వింది. "పసుపు కుంకుమ అత్తమ్మా! గింత పసుపు నాకు పెండ్లిల సుత పెట్టలేదు."

రాజమణి నవ్వలేదు. ఆ దసరా ఆమెకు కళ్ళకు కట్టింది. కడిగి వచ్చిన మిషన్ కదా అని, ఎన్నడూ లేనంత ఘనంగా ఆయుధపూజ చేసింది. పైభాగమంతా గుప్పిళ్ళతో పసుపు, కుంకుమ, అక్షింతలు. దించి పోయేటప్పుడు కొండల్ చెప్పనే చెప్పాడు: "బొక్కల నిండ నూనె ఉన్నది, గుడ్డ కప్పి గుడ్డ మీద పూజ చెయ్ వదినా." ఆమె దబాయించింది: "దేవత ఇనుముల ఉంటదా, గుడ్డల ఉంటదా?" ఆ పొడి నూనెలో నాని, కుమ్మరి మట్టిలా బిగిసిపోయింది.

పళ్ళెం విప్పి షటిల్ బయటికి తీసింది. వెండిలా ఉందని ఆనాడు వంకపెట్టిన ఆ ముక్క ఇప్పుడు ముదురు బెల్లం రంగులో ఉంది. కిరోసిన్ గుడ్డతో రుద్దింది. తళతళమంది.

"ఏమైంది అత్తమ్మా?"

"గిది అదే," అన్నది రాజమణి. "మొదటి సంది గిదే."

మిషన్ మళ్ళీ తేలిగ్గా, గుసగుసగా నడిచింది. ఆ చప్పుడు వింటూ ఆమె ఇంట్లో ఉండలేకపోయింది.

"ఇప్పుడు పోయి ఏం జేస్తవే? ఫోన్ల చెప్పరాదు?" అన్నాడు మొగుడు సుదర్శన్.

"గా మాట ఫోన్ల అన్ననా, ఫోన్ల చెప్పెతందుకు?"

షటిల్‌ను కొంగున ముడేసుకొని బస్సెక్కింది. టేకుమట్లకు పోయే తొవ్వ దగ్గర బస్సు కాసేపు ఆగింది. ఆనాడు పందిట్లో విన్నవాళ్ళలో మిగిలినవాళ్ళు ఆ ఊళ్ళోనే ఉన్నారు. రాజమణి కిటికీలోంచి చూసింది. దిగలేదు.

భూపాలపల్లిలో తలుపు తీసింది కల్పన. జుట్టు నెరిసింది. అక్కను పైకీ కిందికీ చూసింది.

"ఏందక్కా, తొవ్వ తప్పినవా?"

"కొండల్ ఉన్నడా?"

"ఉండక యాడికి పోతడు? నువ్వు పంపిన కాడనే ఉన్నడు."

అతను డ్యూటీ దిగి పెరట్లో చేతులు కడుక్కుంటున్నాడు. గోళ్ళ సందుల్లో బొగ్గు పోలేదు. "మంచిగున్నవా వదినా? కూసో," అన్నాడు, నిన్నగాక మొన్న కలిసినట్టే.

రాజమణి కొంగు ముడి విప్పి షటిల్ అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని వెలుతురుకు తిప్పాడు. మొన మీద బొటనగోరు నెమ్మదిగా నడిపించాడు. "జర గీసుకుంటున్నది. సన్న ఎమరీ కాయితంతోని రెండు సార్లు రుద్దితే సాఫైతది. సూది వంకర పోతే మార్చాలె, గుంజి కుట్టొద్దని చెప్పు కుట్టెటోళ్ళకు."

"కొండలూ." ఆమె అతని ఎదురుగా వచ్చి నిలబడింది. "పసుపు కుంకుమ పోయి బిగుసుకున్నది. షటిల్ నాదే. నువ్వు తియ్యలేదు. నాకిప్పుడు తెలిసింది. తప్పయింది నాయినా, నువ్వు దొంగవు కావు."

పెరటి గుమ్మంలో నిలబడ్డ కల్పన అటు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది.

కొండల్ షటిల్‌ను తన తువ్వాల అంచుతో మరోసారి తుడిచి, ఆమె చేతిలోనే తిరిగి పెట్టాడు. ఆ రోజు తర్వాత వాళ్ళిద్దరూ మళ్ళీ కలుసుకోలేదు.

"గీ ముచ్చట నాకెందుకు చెప్తున్నవ్ వదినా?" అన్నాడు. "నేను తియ్యలేదని నాకు గప్పుడే ఎరుక."