తాడు కోసిన అట్టలు

మామ తన చివరి నాటకాన్ని కాగితం మీద రాయలేదు, జాకార్డు అట్టల మీద రాశాడు. పట్టు చీర అంచు నేసేటప్పుడు ఏ పోగు లేవాలో రంధ్రాలతో మగ్గానికి చెప్పే అట్టలవి. డిజైను పాతబడితే పారేస్తారు. ధర్మవరంలో నేతపని చేసే మామ వాటిని ఏరుకుని, రంధ్రాల మధ్య మిగిలిన చోట పెన్సిలుతో సంభాషణలు రాసేవాడు.

మా నాయనకు బాల్యమిత్రుడు కాబట్టి ఆయనను మామ అనేవాణ్ణి. మగ్గాల ఇళ్లలో మాట్లాడే మాటల్లోనే జీవితమంతా పద్యాలు, నాటకాలు రాసి వీధుల్లో ఆడించాడు. ఒక్కటీ అచ్చు కాలేదు. చివరి నాటకం నూట పన్నెండు అట్టలు. మగ్గం మీద అట్టలను కట్టినట్టే వాటినీ రెండు అంచుల వెంట తాడుతో దండగా కుట్టి ఉంచారు.

పక్షవాతంతో ఆయన కుడి చేయి పడిపోయాక, ఆ నాటకాన్ని అచ్చు వేయిస్తానని నేనే ముందుకు వచ్చాను. పెనుకొండ దగ్గర ఒక ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్షించే ఇంజనీరును నేను. మిల్లీమీటరులో పదోవంతు తేడాను పట్టుకోవడం నా ఉద్యోగం. హిందూపురంలో మా ఇంటి స్కానర్ గాజు మీద దండ సమంగా కూర్చోలేదు. ప్రతి అట్ట చివరా సంఖ్య ఉంది కదా అన్న ధైర్యంతో తాడు కోశాను.

స్కానింగ్ ముగిశాక చూస్తే పద్నాలుగో నంబరు అట్టలు మూడు ఉన్నాయి. ఆ సంఖ్యలు నాటకానివి కావు, వేర్వేరు చీరల డిజైన్లవి. నాటకం వరుస తెలిపేది ఆ తాడు ఒక్కటే.

ఆ రోజే ధర్మవరం వెళ్లి చెప్పవలసింది. వెళ్లలేదు. సంభాషణలను బట్టి ఊహించి, నేనే ఒక వరుస పేర్చి అచ్చుకు ఇచ్చాను.

పుస్తకం చేతికిచ్చినప్పుడు మామ ఎడమ చేత్తో పేజీలు తిప్పాడు. మధ్యలో ఆగి, వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు వచ్చాడు. అప్పటికే ఆయన మాట ముద్దగా వచ్చేది.

“ఇది... యాడ...”

“బాగుందా మామా?” అన్నాను. ఆ వాక్యం పూర్తి కాకూడదనే తొందర అది.

పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాడు. “బాగుండాదప్పా.”

“ఇంజనీరల్లుడు చేసింది బాగలేకుండా పోతాదా! నీ రాత కంటే వాని పుస్తకమే నున్నగా ఉండాది,” అని అత్త నవ్వింది.

రెండు నెలలకు ఆయన పోయాడు.

పోయిన నెల అత్త ఫోన్ చేసింది. “ఆ అట్టలు తెచ్చియ్యి అబ్బా. ఆయన గూట్లో పెట్టుకుంటా.” రబ్బరు బ్యాండ్లు వేసిన కట్టలను ఆమె ముందు పెట్టాను.

“తాడేమాయ?”

“కోసేశాను అత్తా. వరుస పోయింది. పుస్తకంలో ఉన్నది నేను ఊహించి పెట్టింది.”

ఆమె లేచి సూది, తాడు తెచ్చుకుంది. “ఒకటి చదువు.”

చదివాను.

“ఇది కాదు. ఇది పెండ్లి కుదిరినంక వచ్చాది. పక్కన పెట్టి ఇంగోటి తీయ్.”

పుస్తకంలో ఆ మాటలు పెళ్లిచూపులకు ముందే ఉన్నాయి. మామ ఒక్కో అట్ట చదివి వినిపించి చేతికిస్తే, దండ కుట్టింది అత్త. ఆమెకు చదువు రాదు. ఆ కారణంగానే ఆమెను అడగవచ్చన్న ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు.

“ఈ ముసల్దాని నోరు నా నోరే,” అంది నాటకంలో ముసలమ్మ మాటలున్న ఇంకో అట్ట వింటూ. “నా తిట్లన్నీ ఎక్కిచ్చినాడు, దొంగ. ఇది మొదట్లోది. ఇట్లియ్యి.”

మధ్యాహ్నానికి అరవై దాకా దండలోకి చేరాయి. రెండింటి చోటు మాత్రం ఆమెకూ గుర్తు రాలేదు. అవి ఆయననే అడగాలి అని, సూది ఆపింది.

“ఆయనుండంగా వచ్చింటే ఒక్క పూట పనే కదప్పా ఇది.”

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే ఏదో ఒక జవాబు చెప్పుకునేవాణ్ణి. తర్వాతి అట్ట అందుకుని చదవడం మొదలుపెట్టాను.