ఆయుధపూజ నాడు ఆగిన ఓవెన్

తూటాల్లో వాడే మందు ఊరికే నిలవ ఉన్నా లోలోపల చెడిపోతూ వేడెక్కుతుంది. అది అంటుకోకుండా ఒక రసాయనం కలుపుతారు. ఏళ్ళుగా కలుపుతున్నది విషం. కాల్పులు సాధన చేసే మైదానాల నుంచి మట్టిలోకి, నీళ్ళలోకి దిగుతుంది. దాని బదులు పెదవేగి వైపు పామాయిల్ గెలల ఎర్రనూనె నుంచి తీసిన పదార్థం పనికొస్తుందేమోనని తాడేపల్లిగూడెంలో మా కాలేజీ ల్యాబులో పరిశోధన చేసేదాన్ని. మాది మండవల్లి దగ్గర చేపల చెరువులున్న ఇల్లు. నీళ్ళ గురించి నాకెవరూ పాఠం చెప్పక్కర్లేదు.

గోడౌన్లో ఏళ్ళతరబడి జరిగేది నెలల్లో తేలాలంటే, ఆ పదార్థం కలిపిన మందు నమూనాని ఓవెన్‌లో ఒకే వేడి మీద ఉంచాలి. మధ్యలో ఆగిందా, మళ్ళీ మొదటికే. తలుపు మీద ‘ఆపవద్దు’ అని పెద్దక్షరాలతో కాగితం అంటించి, అటెండరుగారికి పదిసార్లు చెప్పి, దసరాకి ఇంటికెళ్ళాను.

తిరిగొచ్చేసరికి ఓవెన్ తళతళలాడుతోంది. ఆ కాగితం మీదే పసుపు, కుంకుమ బొట్లు.

“ఆయుధపూజ కదండీ మేడమ్‌గారూ. నిన్నంతా ఆపేసి, పొద్దున్నే మళ్ళీ వేసేనండీ,” అన్నారు అటెండరుగారు సంబరంగా.

“ఆపొద్దని చెప్పాను కదండీ!”

“అది మామూలు రోజుల్లో కదండీ. పండగపూటైనా దానికి కాస్త విశ్రాంతి ఉండొద్దేంటండీ, పాపం?”

ఒళ్ళు మండిపోయింది. కానీ ఏమని తిట్టను? అదే రోజు మా నాన్న చెరువు మోటార్లు ఆపి బొట్లు పెడుతుంటే, పక్కన నిలబడి కొబ్బరికాయ అందించింది నేనే.

మళ్ళీ మొదలుపెట్టే వ్యవధి లేదు. మా గైడు ఆ ఏడాదే రిటైరవుతున్నారు. ప్రాజెక్టు గడువూ దాంతో సరి.

“ఆ ఒక్కరోజు సంగతి రాయకపోతే ఎవరికి తెలుస్తుందమ్మా?” అన్నారాయన మెల్లగా. ఆయన ఆశ నాకు తెలుసు. నాదీ అదే ఆశ.

“రేపు ఇది కలిపిన మందుండే గోడౌన్‌కి మనుషులు కాపలా ఉంటారు కదండీ సార్,” అన్నాను.

పరీక్ష మధ్యలో ఆగిందని రిపోర్టులో రాశాను. గడువు అయిపోయి ప్రాజెక్టు ఫైలు మూసేశారు.

ఇప్పుడు ఏలూరులో డిగ్రీ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతున్నాను. నిజం రాసినందుకు నాకు ఏ బాధా లేదు. ఆపిన రోజు దాకా ఆ నమూనా చెక్కుచెదరలేదు, అదీ నన్ను తినేస్తున్నది. ఇంకొన్నాళ్ళు వేడి మీద ఉండి ఓడిపోయినా బాగుండేది, ఏడ్చి ఊరుకునేదాన్ని. అది పనిచేసేదో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.