అవ్వ గుండె వినిపించిన రోజు

మా వైద్య కళాశాలలో మొదటి ఏడాదిలోనే ప్రతి విద్యార్థికీ దగ్గరి ఊళ్ళో కొన్ని కుటుంబాలను అప్పగిస్తారు. చదువు పూర్తయ్యేదాకా వాళ్ళ ఆరోగ్యాన్ని కనిపెట్టుకుని ఉండాలి. నాకు ముందుగా కర్దనూరులో ఒక అవ్వ ఇల్లు దక్కింది. తెల్లకోటు తొడుక్కుని కాలేజీ బస్సు దిగేసరికి నా కాళ్ళు నేల మీద ఆనలేదు. ఊరు ఊరంతా నన్నే చూస్తోందనుకున్నాను. నిజానికి చూసింది ఒక్క బర్రె మాత్రమే.

అవ్వ మంచం మీద బుద్ధిగా కూర్చుంది. కోడలు, పటాన్‌చెరు ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి వచ్చిన కొడుకు, ఇరుగుపొరుగు అంతా చుట్టూ చేరారు. కొత్త స్టెతస్కోపు అవ్వ ఛాతీ మీద పెట్టాను. చప్పుడు లేదు. కాస్త జరిపి పెట్టాను. అప్పుడూ లేదు. నా గుండె మాత్రం దడదడ కొట్టుకుంటోంది.

అవ్వ నా మొహంలోకి చూసింది.

"ఏంది బిడ్డా, నేను ఉన్ననా, పోయిననా?"

అందరూ గొల్లున నవ్వారు. మాకు పాఠాలు చెప్పే మేడమ్ కూడా నాతో వచ్చారు; వెనకే నిలబడ్డ ఆవిడ నవ్వాపుకుంటూ వచ్చి స్టెతస్కోపు బిళ్ళను అటు నుంచి ఇటు తిప్పారు. దానికి రెండు వైపులుంటాయి, ఒకసారి ఒక వైపే వినిపిస్తుంది. నేను ఇంతసేపూ మూసుకుపోయి ఉన్న వైపు పెట్టి వింటున్నాను!

లబ్ డబ్, లబ్ డబ్. అంత అందమైన చప్పుడు పుట్టాక వినలేదు.

"కొట్టుకుంటుంది అవ్వా! మంచిగ కొట్టుకుంటుంది!" అంటూ ఎగిరి గంతేశాను.

అవ్వ తాపీగా కోడలి వైపు తిరిగింది.

"ఇన్నవా? నేనింకా ఉన్ననట. పో, డాక్టరమ్మకు జెర చాయ్ పెట్టు. నాకు గూడ."