వణికే బండి, గుసగుస తెలుగు

మా నాన్నది పాత్రల కొట్టు. తమిళంలో బేరం, తెలుగులో రహస్యం: అదీ మా కొట్టు పద్ధతి. గిరాకీ ఎవరైనా ఇత్తడి బిందెను వేలితో కొట్టి చూస్తుంటే, నాన్న తమిళంలో "తీసుకోకపోయినా పరవాలేదు" అంటూనే, నావైపు తిరిగి తెలుగులో "ధర దిగొద్దు, బిందె మీదినుంచి చెయ్యి తియ్యలేదు చూడు" అనేవాడు. మా రాజపాళయం తమిళనాడులో ఉన్నా, సగం ఊరికి తెలుగు వచ్చు. ఆ సంగతి మాకూ తెలుసు. అయినా మనిషి మాట తీరు వినగానే, ఇతనికి రాదు అని తేల్చేసేవాళ్లం. అలా తేల్చడంలో నన్ను మించినవాడు లేడని మొన్నమొన్నటిదాకా నా నమ్మకం.

మా ఇంట్లో ఒక పాత కారు ఉంది. దాన్ని బేరమాడి కొన్నది నేనే. ఎంత గట్టిగా బేరమాడానంటే, వెనక సీటులో అమ్మేవాడు మరిచిపోయిన గొడుగును కూడా కొసరుగా తీసుకున్నాను. గొడుగు ఇప్పటికీ బాగానే ఉంది, ఆ వెనక సీటులోనే.

పేరుకు కారు నాదే కానీ, నడిపేది మా ఆవిడ. తళవాయిపురంలో కుట్టే నైటీలను మూటలుగా తెచ్చి, ఇక్కడి కొట్లకూ మంసాపురం దాకా ఉన్న చిన్న కొట్లకూ వేస్తుంది. ఒకప్పుడు ఆ మూటలతో బస్సు ఎక్కేది. ప్రతి కండక్టరుతోనూ ఒక తగువే. పిల్లలు పెద్దవాళ్లయ్యాక డ్రైవింగు నేర్చుకుంది, అదీ ఈ కారులోనే. వేరే బండి ఎక్కితే చేతులు రావంటుంది.

దీపావళి సరుకు మొదలయ్యే రోజుల్లో ఆ కారుకు వణుకు పట్టుకుంది. రోడ్డు మీద పరుగెత్తేటప్పుడు బాగానే ఉండేది. నిలబడితే చాలు, చలిజ్వరం వచ్చినవాడిలా వణికేది. రైలు గేటు పడిందంటే రెండు మూడు వణుకులు వణికి, టప్పున ఆగిపోయేది.

ఒకరోజు మధ్యాహ్నం ఆవిడ ఇంటికి వచ్చి, కారు తాళాలు ఫ్రిజ్ మీద పెట్టింది.

"గేటు దగ్గర లారీవాడు దిగి వచ్చి బండిని తోసినాడు. వెనకాల అందరూ హారన్లు. నాకు తల తీసేసినట్టు అయింది. ఇంక నేను బస్సులోనే పోతాను."

ఇంత పాత బండికి ఇంజను విప్పాల్సి వస్తే ఇనప సామాన్లవాడికి ఇచ్చేయడమే మేలని అందరూ చెప్పేశారు. అంటే ఆవిడ మళ్లీ మూటలతో బస్టాండులో నిలబడటమే. ఆ తాళాలు ఫ్రిజ్ మీద ఉన్నంతసేపూ నాకు అన్నం సహించలేదు. ఆ మాట మాత్రం ఆవిడతో అనలేదు. అవసరం మొహంలో కనిపిస్తే ధర పెరుగుతుందన్నది మా నాన్న నేర్పిన రెండో పాఠం.

శంకరన్‌కోయిల్ రోడ్డులో కొత్తగా ఒక మెకానిక్ షెడ్డు పెట్టాడని విని, ఇద్దరం కారు తీసుకుని వెళ్లాం. మెకానిక్ నోరు విప్పగానే అచ్చమైన తిరునెల్వేలి తమిళం. "వాంగ అన్నాచ్చి", అంటే రండన్నా, అని పిలిచాడు. ఇతనికి తెలుగు రాదు అని అక్కడికక్కడే తేల్చేశాను. బండికి ఏమిటని తమిళంలో అడిగితే, ఏమంత లేదు, ఏదో చిన్న చప్పుడు, ఊరికే చూడమని తమిళంలోనే చెప్పాను. మా ఆవిడ నావైపు అదోలా చూసింది.

అతను బానెట్ ఎత్తగానే మా గుసగుసలు మొదలయ్యాయి.

"గేటు దగ్గర ఆగిపోయే సంగతి చెప్పొద్దు. అది తెలిసిందంటే ఇంజను విప్పాల అంటాడు."

"చెప్పకుంటే అతనికి ఎట్లా తెలిసేది? డాక్టరు దగ్గరికి పోయి నొప్పి ఎక్కడో చెప్పకుండా కూర్చుంటారా?"

"డాక్టరుతో కూడా బేరం చేసినవాణ్ణి నేను."

"అది ఊరంతా తెలుసు. సరి, ఆ ఎయిర్ ఫిల్టరు సంగతైనా చెప్పండి. మీరు దాన్ని మార్చిన మరునాటినుంచే కదా ఈ వణుకు!"

"ఏయ్, మెల్లిగా! అది అసలే చెప్పకూడదు. మనం చెయ్యి పెట్టినామని తెలిస్తే తప్పంతా మన తలమీద వేసి బిల్లు రాస్తాడు."

మెకానిక్ తల ఎత్తలేదు. ఇంజను నడుస్తుండగానే ప్లగ్గుల వైర్లు ఒక్కొక్కటే ఊడదీసి, మళ్లీ తగిలించాడు. మొదటిది తీస్తే ఇంజను తడబడింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. నాలుగోది తీస్తే ఏ మార్పూ లేదు. కొట్టులో పెరిగినవాడికి అది ఇట్టే అర్థమవుతుంది: పనివాడు రాకపోయినా తేడా తెలియలేదంటే, ఆ మనిషి వచ్చినరోజు కూడా పని చేయట్లేదన్నమాట. నాలుగో సిలిండరు జీతం తీసుకుని కూర్చుంది.

ప్లగ్గు మార్చి చూశాడు. వైరు మార్చి చూశాడు. నాలుగోది కదలలేదు. అప్పుడు ప్లగ్గు రంధ్రంలో బిగించే గడియారంలాంటి సాధనం బయటికి తీశాడు. లోపలి ఒత్తిడి చూస్తుందది. ముల్లు సరిగ్గా లేవలేదంటే ఇంజను లోపల అరిగిపోయినట్టే. ఇంక విప్పడమే.

నేను ముల్లును చూశాను. మా ఆవిడ ముల్లును చూడలేదు, అతని మొహాన్ని చూసింది. ఆవిడా వ్యాపారం చేసేదే కదా. ముల్లు తక్కిన మూడింటికీ లేచినంత ఎత్తుకే లేచింది. ఆవిడ చేతిసంచీని పట్టుకున్న పట్టు కాస్త సడలింది.

అంతవరకూ ప్లగ్గుల చుట్టూ తిరిగినవాడు, సరాసరి ఎయిర్ ఫిల్టరు డబ్బా మీద చెయ్యి వేశాడు. డబ్బా ఎత్తి, దాని కింద దాక్కున్న సన్నటి రబ్బరు గొట్టాన్ని పట్టుకుని చూశాడు. దాని కొస నిలువునా చీలి ఉంది. ఫిల్టరు మార్చిన రోజు డబ్బా రాలేదని నేను బలంగా లాగింది సరిగ్గా అక్కడే.

ఇంజను వేసి, ఆ చీలిక మీద వేలు గట్టిగా అదిమాడు. వణుకు ఆగిపోయింది. ఏడ్చే పిల్లను ఎవరో భుజాన వేసుకున్నట్టు, ఒక్కసారిగా అంతా సద్దుమణిగింది.

వేలు అలాగే ఉంచి, అతను మా ఇద్దరివైపూ తిరిగి తెలుగులో అన్నాడు: "ఇంజను విప్పే పని లేదు అన్నాచ్చి. భయపడొద్దండి. గేటు దగ్గర ఇంక ఆగిపోదు."

నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

"మా అమ్మది చోళపురం, ఇంట్లో తెలుగే," అన్నాడు. "తిరునెల్వేలిలో పని నేర్చినాను. ఆ ఊరి తమిళం నాలుకకు అంటుకొనింది."

"ముందే చెప్పుండొచ్చు కదప్పా!" అన్నాను.

"చెప్పుంటే అక్కను ఆ ఫిల్టరు మాట ఎత్తనిస్తారా మీరు? ఇంజను ఈ చీలికలోనుంచి దొంగగాలి తాగుతుంది. పరుగులో ఉంటే తెలీదు. నిలబడితే నాలుగో దానికి గాలి ఎక్కువై పెట్రోలు పలచబడిపోతుంది. అక్క చెప్పకుంటే నేను పొద్దుగూకేదాకా ప్లగ్గులే తిప్పుతుంటాను."

మా ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "మీ నాయన కొట్టులో ఇట్లా ఎంతమంది అన్నీ విని నవ్వుకుంటా పోయినారో!" అంది.

బిందె మీద చెయ్యి తియ్యకుండానే చిన్నగా నవ్వే గిరాకీల మొహాలు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. అది బిందె నచ్చిన నవ్వనుకునేవాణ్ణి.

కొత్త గొట్టం వేశాక అతను కూలి చెప్పాడు. అలవాటు కొద్దీ మా ఆవిడ వైపు తిరిగి నోరు తెరిచాను. ఏ భాషలో అనాలో తోచలేదు.

"అడగండి అన్నాచ్చి," అన్నాడతను. "తమిళంలోనా, తెలుగులోనా?"

చెప్పింది చెప్పినట్టు ఇచ్చేశాను. ఊరికే వచ్చేస్తే మా నాన్న ఊరుకోడని, చీలిన గొట్టం ముక్కను మాత్రం కొసరుగా అడిగి తీసుకున్నాను. "దాన్ని ఏం చేసుకుంటారు?" అని అతను అడిగితే, మడిచి జేబులో పెట్టుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆవిడే నడిపింది. కావాలనే రైలు గేటు దారిన పోనిచ్చింది. మా అదృష్టం కొద్దీ గేటు పడింది. ఆవిడ కారు ఆపి, చెవి ఒగ్గి విన్నది. ఏ చప్పుడూ లేదు.

"అయ్యో, ఆగిపోయింది!" అని గబుక్కున తాళం తిప్పింది.

నడుస్తున్న ఇంజనుకు మళ్లీ తాళం తిప్పితే అది గర్రుమని అరిచింది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం. ఆ తర్వాత నవ్వు ఆగలేదు. రైలు పోయింది, గేటు లేచింది, అయినా మేం కదలలేదు. వెనక హారన్లు మొదలయ్యాయి.

"కొట్టనియ్యండి," అని ఆవిడ తాపీగా గేరు వేసింది. "రేపు తళవాయిపురానికి పొద్దున్నే పోవాల. ఆ గొడుగు తీసి ఇంట్లో పెట్టండి, మూటలకు చోటు కావాల."