చదవనిదే సంతకం పెట్టని సార్

మా గైడు సార్ పోయారు. ఆయన భార్య ఫోన్ చేసి చెప్పేటప్పటికి నేను తార్నాక బస్టాపులో ఉన్నాను. నా థీసిస్ మీద ఆయన సంతకం పెట్టాల్సిన రోజది. "చదువుడు అయిపోయింది బిడ్డా, రేపు పెన్ను తీస్కొని రా" అని ముందురోజే అన్నారు. సంచిలో కొత్త పెన్ను ఉంది.

లైసెన్సున్న కరెంటు కాంట్రాక్టర్ల మార్కెట్ తెలంగాణలో ఎలా ఉంది, ఆంధ్రలో ఎలా ఉంది? ఇదీ నా పరిశోధన. మీకు ఆవులింత వచ్చే ఉంటుంది. సార్ చేతిలో పడేదాకా నాకూ వచ్చేది. రెండు రాష్ట్రాల జాబితాలూ ముందేసుకుని, లైసెన్సులు ఎక్కువున్నచోటే పోటీ ఎక్కువని మొదటి అధ్యాయంలో తేల్చేశాను. సార్ ఒక్క పేజీ చదివి లేచారు.

"లిస్టు సరే. వైరు గుంజేటోడు ఎవడో చూసినవా?"

క్యాంపస్ నుంచి స్కూటర్ మీద వారాసిగూడ తీసుకెళ్లి, కడుతున్న ఒక ఇంటి ముందు దింపారు. లోపల గోడకు గాడి కొడుతున్న ఎలక్ట్రీషియన్‌ని లైసెన్సు గురించి అడిగాను.

"నాకేడిదమ్మా? లైసెన్సున్న సేటు వేరే ఉన్నడు. ఆయన గీడికి రాడు. కాయితం మీద దస్కత్ పెడతడు, గంతే."

సంతకం ఒకరిది, పని ఇంకొకరిది! లైసెన్సులు లెక్కేసి రాసిన నా అధ్యాయం అక్కడే కూలిపోయింది. చిత్రంగా, నాకు ఎగిరి గంతేయాలనిపించింది! తర్వాత విజయవాడ వెళ్తే అక్కడి కాంట్రాక్టర్ నవ్వేశారు. "పేరు మాదేనండి, పని చేసేది మాత్రం మీ తెలంగాణ కుర్రాళ్లండి." కాగితం మీద రెండు మార్కెట్లు, పనిచేసే చేతులు మాత్రం అవే! బస్సెక్కగానే సార్‌కి ఫోన్ చేసి అరిచినంత పని చేశాను. ఆయన నాకంటే గట్టిగా అరిచారు.

"గదీ! ఇగ రాయి, ఆగకు!"

అలా మూడేళ్లు పరుగెత్తించారు. రాసింది తీసుకెళ్తే చాయ్ చల్లారిపోయేదాకా చదివేవారు. చదివిన ప్రతి పేజీ కింద పెన్సిల్ టిక్కు పెట్టేవారు. ఒకసారి తొందరలో ఉండి, చూడకుండానే సంతకం పెట్టమని బతిమాలాను.

"పెడితే నాకూ ఆ సేటుకూ ఏం ఫరక్ ఉంటది?" అన్నారు. ఆ రోజు కోపంతో ఏడ్చాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

కర్మ అయ్యాక ఆయన భార్య నా థీసిస్ ఇచ్చారు. చివరి పేజీ దాకా టిక్కులున్నాయి. సంతకం చోటు ఖాళీగా ఉంది.

థీసిస్ సమర్పించే గడువు ఇక రెండు రోజులే. కొత్త గైడు మేడమ్, "సార్ చూశారుగా, ఇటివ్వమ్మా" అంటూ పెన్ను తీశారు.

"చదివాకే పెట్టండి మేడమ్" అన్నాను.

ఆమె నన్నోసారి చూశారు. పెన్ను మూత పెట్టి మొదటి పేజీ తీశారు. చదువుతూ కిందికి జరిగిన ఆమె వేలు సార్ పెట్టిన పెన్సిల్ టిక్కు దగ్గర ఆగింది.