ఖాళీ డబ్బాల వార్డు

మా నాయన కిరాణా దుకాణంలో పై అరల్లో ఉన్నవన్నీ ఖాళీ డబ్బాలే. సబ్బుల అట్టపెట్టెలు, బిస్కెట్ల పెట్టెలు, బొమ్మ ముందుకు తిప్పి వరుసగా పేర్చేవాళ్లం. వచ్చినవాడికి దుకాణం నిండుగా కనబడాలి, అంతే.

అమ్మ ఉన్న సర్కారు దవాఖానకు పెద్దాఫీసరు తనిఖీకొచ్చిన రోజు, ఆడవాళ్ల వార్డును చూడగానే నాకు ఆ పై అర గుర్తొచ్చింది. పొద్దున్నే ఒక వ్యాన్‌లోంచి నర్సులు దిగారు. చుట్టుపక్కల మండలాల చిన్న దవాఖానల నుంచి ఆ ఒక్క పూటకు తెచ్చినవాళ్లు. మంచాల మీద కొత్త దుప్పట్లు పరిచారు, మడత గీతలు ఇంకా పోలేదు. చీము దూదులతో పొంగిన చెత్తబుట్టను మరుగుదొడ్లోకి నెట్టి బయట గొళ్లెం పెట్టారు. ఆ పూట ఆడవాళ్లు ఎక్కడికి పోవాలో ఎవరూ చెప్పలేదు.

దవాఖాన ఏ ఊరిదో చెప్పను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, మీకు ఏది దగ్గరైతే అదనుకోండి. అమ్మ కాలి పుండు ఇంకా మానలేదు, మళ్లీ అక్కడికే పోవాలి. ధైర్యం దొరికే అంగడి నాకింకా కనబడలేదు.

మామూలు రోజుల్లో ఆ వార్డుకు ఒక్కతే సిస్టర్. పై అంతస్తు వార్డు కూడా ఆమెదే. సెలైన్ అయిపోయి గొట్టంలోకి రక్తం ఎక్కుతుంటే చక్రం తిప్పి ఆపడం మాకు ఆమే నేర్పింది. చక్కెర తూచుకునే నేను అట్లా సగం నర్సునయ్యాను. పక్క మంచం వాళ్లు పిలిస్తే బింకంగా పోయేవాణ్ణి కూడా.

తనిఖీకి ముందు రోజు ఆమెను డ్యూటీ దించాల్సిన నర్సు రాలేదు. అంతకు ముందు రోజు ఎక్కిన డ్యూటీలోనే ఉంది. పొద్దున అమ్మకు ఇన్సులిన్ సూది వేసింది, పైన ఎవరికో ఫిట్స్ వస్తే పరుగెత్తింది, తిరిగొచ్చి మళ్లీ వేసింది. సర్కారు రెండిస్తే రెండూ తీసుకోవాలనుకుని అమ్మ నోరు మెదపలేదు. నేనేమో బయట ఇడ్లీ బండి దగ్గర ఒక వడ కొసరు కోసం గీచి గీచి బేరమాడుతున్నాను. వచ్చి చూస్తే అమ్మ చెమటలో తడిసి ముద్దయింది, మాట తడబడుతోంది.

సిస్టరే గ్లూకోజ్ ఎక్కించి నిలబెట్టింది. అమ్మ కళ్లు తెరిచాక నన్ను పక్కకు పిలిచింది.

"అన్నా, తప్పు నాదే. సూది రెండుసార్లు ఇచ్చిన. దాచిపెడ్తే రేపు ఇంకొకరికి గిదే అయితది."

ఆమె చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. పెద్ద డాక్టరుకూ చెప్పింది, ఒక్క మనిషితో రెండు వార్డులు నడవవని కూడా చెప్పింది. తనిఖీ అయిపోయాక చూద్దామన్నాడట.

మర్నాడు ఆఫీసరు వార్డులోకొచ్చి నర్సులు ఎంతమంది అని అడిగాడు. పెద్ద డాక్టరు వరుసను చూపించాడు. అప్పుడు సిస్టర్ ముందుకొచ్చింది.

"సార్, గీళ్లంత సాయంత్రం వ్యాన్ ఎక్కి పోతరు. రేపటి నుంచి మళ్ల నేనొక్కదాన్నే. నిద్ర లేక నిన్న ఒక అవ్వకు సూది రెండుసార్లు ఇచ్చిన."

అరువు నర్సులంతా నేల చూశారు. ఆఫీసరు చాయ్ తాగడానికి పక్క గదిలోకి పోయాడు.

వరండాలో ఆఫీసు గుమాస్తా నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ నర్సు మీద ఒక్క మాట చెప్తే చాలట, అమ్మను విడి గదిలోకి మారుస్తారట. గది వద్దు, ఆఫీసరుతో నేనే మాట్లాడతానన్నాను. నా లెక్క నాకుంది. వార్డుకు ముగ్గురు నర్సులు కావాలని మొదలుపెట్టి, ఒక్కరి దగ్గర దిగాలి. గద్వాల చీరలు నేసేవాళ్ల చేత రెండు చేతులా దండం పెట్టించుకున్న బేరగాణ్ణి, ఈయనెంత అనుకున్నాను.

మా దుకాణాల్లో ఒక పద్ధతుంది. ముందు ఎదుటివాడి మాట ఒప్పుకోవాలి. 'అవును, పప్పు రంగు జర తక్కువే' అంటే వాడు మెత్తబడతాడు. 'అయితే' అన్నాక తీసేదే అసలు సరుకు. ఆఫీసరు ముందు అదే చేశాను.

"అవును సార్, సిస్టర్ రెండుసార్లు ఇచ్చింది. తప్పయిందని ఆమెనే చెప్పింది. అయితే..."

'అయితే' దగ్గర ఆయన కప్పు కింద పెట్టి లేచాడు.

"పేషెంటు కొడుకే చెప్తుండు కదా," అన్నాడు పెద్ద డాక్టరుతో.

కారు దాకా వెంటపడ్డాను. ముగ్గురి నుంచి ఒక్కరికి దిగేలోపే అద్దం పైకెక్కింది. ఒప్పుకున్నంత వరకు తీసుకుపోయారు, అడిగింది అక్కడే పారేశారు.

సాయంత్రం నర్సులు వ్యాన్ ఎక్కారు. దుప్పట్లు కూడా వెళ్లిపోయాయి. ఆయా అమ్మను పక్కకు దొర్లించి, పుండు చీము అంటిన చోట చూసి మొహం చిట్లించి, కింద నుంచి లాగేసుకుంది. మరుగుదొడ్డి గొళ్లెం తీస్తే వార్డంతా ముక్కు మూసుకుంది. అడగకుండానే అమ్మను విడి గదిలోకి మార్చారు. గుమాస్తా వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

"సేటూ, మంచిగ చెప్పినవ్."

ఆ చెయ్యి కడుక్కోవడానికి నల్లా దగ్గరికి పోతే సబ్బు లేదు. గోడకు రాసుకున్నాను.

సిస్టర్‌ను అచ్చంపేట దాటి అడవి అంచున ఎక్కడికో బదిలీ చేశారు. బ్యాగు భుజాన వేసుకుని అమ్మను చూడటానికొచ్చింది. నేను ఏదో అనబోతే ఆపింది.

"నువ్వు అబద్ధమేం చెప్పలే అన్నా. ఇగ అవ్వకు సూది ఇయ్యనీకి ఎవరొచ్చినా, ఇంతకుముందే ఇచ్చిన్రా అని అడుగు. సిగ్గుపడకు."

మర్నాడు పొద్దున కొత్త సిస్టర్ ఆయాసపడుతూ వచ్చింది. కింది వార్డు, పై వార్డు, ఇప్పుడు ఈ విడి గది కూడా ఆమెదే. సిరంజిలోకి మందు లాగుతుంటే అడిగాను, ఇంతకుముందే ఎవరైనా ఇచ్చారా అని.

"నాకేం తెల్సన్నా? గిప్పుడే డ్యూటీ ఎక్కిన. ఇచ్చిన్రో లేదో నువ్వే చెప్పాలె."

అమ్మ నిద్రపోతోంది. నేను అప్పుడే చాయ్ తాగి వచ్చాను. ఆమె సూది పట్టుకుని నా నోటి వైపు చూస్తూ నిలబడింది.