మా అత్త చదివిన ఆన్‌లైన్ కోర్సు

పోయిన నెలలో ఒక శుక్రవారం పొద్దున మా మేనత్త చనిపోయింది. నెల్లూరులో ఆఫీసుకు బయలుదేరుతుంటే నాన్న ఫోన్ చేశాడు. "అత్త లేదమ్మా" అన్నాడు. ఈ పూటే మట్టి చేయాలి, వెంటనే రమ్మన్నాడు. మా ఇళ్లలో మనిషి పోతే ఆ రోజే సాగనంపుతాం. దూరాన ఉన్న బంధువుల కోసం ఆగం. ఎందుకని మీరు అడుగుతారు. అత్త ఉండి ఉంటే మీరు అడిగినందుకు సంబరపడేది.

తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఊరు మాది. మేం యూదులం. తెలుగు మాట్లాడే యూదులు కూడా ఉంటారా అన్న ప్రశ్న చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను, కాబట్టి మీరు మొహమాటపడాల్సిన పని లేదు. మా తాత చర్చిలో పెరిగాడు. పాత నిబంధన చదివి చదివి, మన పూర్వీకులు యూదులే, మనం మళ్లీ ఆ దారికే పోవాలన్నాడు. శనివారం పనికి పోవడం మానేశాడు. అత్త, నాన్న ఆయన వెంట నడిచారు. పెద్దకొడుకైన పెదనాన్న చర్చిలోనే ఉండిపోయాడు. నాయనమ్మ శనివారం మొగుడి పక్కన కూర్చుని ప్రార్థన చేసి, ఆదివారం కొడుకు పక్కన కూర్చుని పాటలు పాడేది. ఆమెను నిలదీసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

తాత తర్వాత కొన్నాళ్లకు నాయనమ్మ కూడా పోయింది. ఆమె సమాధి మీద సిలువ పెట్టాలని పెదనాన్న, పెట్టకూడదని నాన్న పంతాలు పట్టారు. చివరికి ఏమీ పెట్టలేదు. అన్నదమ్ముల మధ్య మాటలు కూడా మిగల్లేదు. ఇళ్లు పక్కపక్కనే, అయినా ఏళ్ల తరబడి ఒకరి మొహం ఒకరు చూడకుండా బతకడం ఎలాగో ఇద్దరూ బాగా నేర్చుకున్నారు. మామయ్య పోయాక అత్త మా ఇంట్లోనే ఉండేది. తన అన్నా తమ్ముడూ ఒక్కచోట నిలబడితే చూడాలని ఆమెకు ఉండేది. ఇంకో కోరిక ఆమె నోట నేను వినలేదు.

అత్త చాలా ఏళ్లు రొయ్యల షెడ్డులో పనిచేసింది. పొద్దస్తమానం రొయ్యల తలలు తీసేది కానీ, ఒక్కటి కూడా నోట్లో వేసుకునేది కాదు. రెక్కలూ పొలుసూ ఉన్న చేపలే మాకు తినదగినవి. రొయ్య పనికిరాదు, పొలుసు లేని వాలుగ చేప పనికిరాదు. షెడ్డులో ఆడవాళ్లు ఆటపట్టిస్తే ఈమె కోప్పడకుండా వాళ్లనే అడిగేది, తియ్యగా ఉంటుందా, చప్పగా ఉంటుందా, పళ్ల కింద సాగుతుందా అని. ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పేవాళ్లట. అవన్నీ ఇంటికొచ్చి మాకు చెప్పేది. శ్రీహరికోట నుంచి రాకెట్ లేచిన రోజు ఊరంతా మిద్దెలెక్కి ఆకాశంలోకి చూస్తుంటే, అంత పొగ కక్కిపోయిందే, అక్కడ కింద ఎవరు ఊడుస్తారని ఆమె అనుమానం. విసుక్కుంటే "అడిగితే పోయేదేముంది మే?" అనేది.

ఇలాంటి మనిషి ఉన్న ఇంట్లోకి ఆ కోర్సు వచ్చిపడింది. పలు దేశాల యూదు కుర్రకారుకు నాయకత్వం నేర్పే ఆన్‌లైన్ కోర్సు అది. మనం ఎవరం, మనలో మనకూ పక్కవాళ్లతోనూ తగవులొస్తే ఏం చేయాలి అన్నవి అందులో పాఠాలు. అప్పటికి నేనింకా ఊళ్లోనే ఉన్నాను, అడిగి అడిగి చోటు సంపాదించాను. అక్కడివాళ్లకు శనివారపు విశ్రాంతి, అంటే సబ్బాతు, ముగిశాక తరగతి మొదలైతే, మాకది ఆదివారం పొద్దున అయ్యేది. నేను ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి కూర్చునేదాన్ని. అత్త కెమెరాకు కనపడకుండా పక్కన పీట వేసుకునేది. ఇంగ్లీషు రాకపోయినా ఆమెకు అందరూ తెలుసు. ఉంగరాల జుట్టు పిల్లోడు, పిల్లిని ఒళ్లో పెట్టుకునే పిల్ల, ఎప్పుడూ ఏదో నములుతుండేవాడు. తరగతి కాగానే ఎవరేమన్నారో వరసగా చెప్పాలి. నేను ఏదైనా మింగేస్తే ఊరుకునేది కాదు. అతను అంతసేపు మాట్లాడితే నువ్వు ఇంతే చెబుతావేమని పట్టుకునేది.

రెండో వారమో మూడో వారమో, ఎవరి ఇంటి గురించి వాళ్లు చెప్పమన్నారు. నా వంతు వచ్చేసరికి వెనక నుంచి తబలా, హార్మోనియంతో పాట గట్టిగా వినపడసాగింది. నేను చెప్పడం ఆపేశాను. పిల్లిని ఒళ్లో పెట్టుకునే పిల్ల కళ్లు మూసుకుని వింటోంది. పాఠం చెప్పే ఆవిడ కూడా తల ఊపుతూ, మీ ప్రార్థన ఎంత బాగుందో, ఎన్ని తరాల నుంచి వస్తున్న పాట ఇది అని అడిగింది. అది మైకులో వస్తున్న చర్చి పాట. పాడుతున్నది మా పెదనాన్న. అత్తకు సంగతి చెబితే కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆ నవ్వు ఆగాక "నిజం చెప్పు. అది మా అన్న గొంతని చెప్పు" అంది.

చెప్పాను. మరి ఆయనను మా తరగతికి పరిచయం చేస్తావా అని అడిగారు. మాకు మాటల్లేవన్నాను. ఎందుకన్నారు. సిలువ గురించి అన్నాను. ఆయనకు సిలువ ఎందుకు కావాలి, మీ నాన్నకు ఎందుకు వద్దు అని అడిగాడు ఉంగరాల జుట్టు. ఆయన క్రైస్తవుడు, మేం యూదులం, అంతే కదా అన్నాను. ఆ జవాబు అత్తకు తెలుగులో చెబుతుంటే నాకే పలచగా అనిపించింది. పంతాలు పట్టిన రోజు నాన్ననూ పెదనాన్ననూ ఎందుకని ఎవరూ అడగలేదని అప్పుడే అత్తకు తట్టింది. "అరుచుకున్న్యారు గానీ, ఎందుకని ఒకర్నొకరు అడిగింది ల్యా" అంది.

తర్వాత ఒక తరగతిలో దూరదేశపు యుద్ధం గురించి ఇద్దరు గట్టిగా వాదించుకున్నారు. ఒకమ్మాయి ఏడ్చింది, ఉంగరాల జుట్టు కెమెరా ఆపేశాడు. అత్తకు ఆ పూటంతా అదే ధ్యాస. ఆ పిల్లోడు ఏం చెప్పబోయి ఆపేశాడో అని అన్నం కలుపుతూ కూడా అడిగింది. మరుసటి వారం వాళ్లిద్దరి చేతా ఒక పని చేయించారు. ఎదుటి మనిషి మాటను మనం తిరిగి చెప్పాలి. అతను 'అవును, నేనన్నది అదే' అనేదాకా చెప్పాలి. అప్పటిదాకా మన మాట తేకూడదు. వాళ్లిద్దరూ చివరికీ ఒప్పుకోలేదు గానీ, కెమెరాలు మాత్రం ఆపలేదు.

అత్తకు ఇది భలే నచ్చింది. నా మీద సాధన మొదలుపెట్టింది, మొదట్లో ఘోరంగా తప్పింది. "పులుసులో ఉప్పెక్కువైందన్నావు, అది నీ నోరు బాగలేక" అనేది. ఆ రెండో ముక్క నేననలేదత్తా అంటే, నువ్వు అనకపోయినా నిజమే కదా అని వాదించేది. నాకు నవ్వూ విసుగూ కలిసి వచ్చేవి. ఆమె పట్టు మాత్రం వదల్లేదు.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక నన్ను వెంటబెట్టుకుని చర్చి మెట్ల మీద పెదనాన్న పక్కన కూర్చుంది. ఆ రోజు నువ్వన్న మాట నేను చెబుతాను, తప్పుంటే దిద్దు అంది. ఇదేం ఆట అన్నాడాయన. పాస్టరు గారు చెప్పినారని సిలువ పెట్టాలన్నావు, అంతేనా అని ఆమె అడిగింది. కాదన్నాడు. ఊళ్లోవాళ్లు ఏమన్నా అనుకుంటారని పెట్టాలన్నావు. అదీ కాదు. ఆమె ఇంకోటి చెప్పబోతే ఆయనే అడ్డొచ్చి, "ఆడంతా ఇసక దిబ్బ గదా మే. గాలికి ఈడ దిబ్బ ఆడికి పోతాది. గుర్తు లేకపోతే అమ్మ యాడుండాదో మనకెట్ట తెలుస్తాది?" అన్నాడు. అత్త ఆ మాట ఆయనకు తిరిగి చెప్పింది. ఆయన తల ఊపి, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఆ మాట తీసుకుని ఇంటికొచ్చి నాన్న ముందు పెట్టింది. నాన్న, "సిలువ పెడితే అమ్మ మనతో చేసిన శనివారాలన్నీ లేనట్టే గదక్కా" అన్నాడు. తన పంతం వెనక ఈ మాట ఉందని నాకు ఆ రోజు దాకా తెలియదు. మా నాన్న మీద నాకు అప్పుడు వచ్చినంత ప్రేమ ఎప్పుడూ రాలేదు.

అప్పటి నుంచి అత్త ఆ ఇంటి మాట ఈ ఇంటికి, ఈ ఇంటి మాట ఆ ఇంటికి చేరవేస్తూనే ఉంది. తనకు తోచింది కలిపితే ఇద్దరూ దిద్దేవాళ్లు. కొన్నాళ్లకు పెదనాన్నే, నీ తమ్ముడు ఏమన్నాడని ముందుగా అడగడం మొదలుపెట్టాడు. అంత దూరం వచ్చారు గానీ ఎదురుపడితే మాత్రం చెరో పక్కకు చూసేవాళ్లు. అన్నీ అర్థమయ్యాక ఇంకా ఎందుకు మాట్లాడరని అత్త నన్ను అడిగేది. మా కోర్సులో దానికి పాఠం లేదు. నా కోర్సు అయిపోయింది, ఆమెది కాలేదు.

నేను ఊరు చేరేసరికి పెదనాన్న మా పంచలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. లోపల నాన్న ఉన్నాడు. అత్తను నాయనమ్మ పక్కన పెట్టాలని ఇద్దరూ వేరువేరుగా నాతోనే అన్నారు. మేమంతా సరుగుడు తోపు అవతల ఇసక దిబ్బకు నడిచాం. అక్కడికి పోయాక పెదనాన్న ఒకచోట ఆగాడు. నాన్న ఇంకొంత ముందుకు పోయి ఆగాడు. గుర్తేమీ లేదు. నాయనమ్మ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. గడ్డపారలు పట్టుకున్న రెండిళ్ల మగపిల్లలూ ఇద్దరి వైపూ మార్చి మార్చి చూస్తున్నారు. మళ్లీ మొదలవుతుందనుకున్నాను.

పెదనాన్న నాన్న దగ్గరికి నడిచాడు. "ఆ పొద్దు కాలవ నీకు ఎడం పక్కనుండె. అందుకని ఈడంటాండావు. అంతేనా?" అన్నాడు.

"అంతే" అన్నాడు నాన్న. మళ్లీ తనే, "నువ్వు తల వైపు తాటిమొద్దు ఉండిందంటావు" అన్నాడు.

"మొద్దు కాదబ్బయా. అప్పుడది చెట్టు."

"సరే. చెట్టు."

ఏళ్ల తర్వాత అన్నదమ్ములు మాట్లాడుకున్నది ఇదే. కాలవ పూడిపోయింది, ఆ చెట్టూ లేదు, ఇద్దరిలో ఎవరు రైటో తేలలేదు. అమ్మ యాడుండినా పక్కనే ఉంటాదిలే అన్నాడు పెదనాన్న. ఇద్దరూ చూపించిన చోట్లకు సరిగ్గా నడుమన తవ్వించారు. ఇసక జారుతుంటే పిల్లలు మళ్లీ మళ్లీ తీశారు. తెల్లగుడ్డ చుట్టిన అత్తను మేం అంచు దాకా మోసుకొచ్చాం. ముందు నాన్న లోపలికి దిగి, పెదనాన్నకు చేయి అందించాడు. నడుం లోతు గుంతలో ఇద్దరూ భుజాలు తగిలేలా నిలబడి, చేతులు పైకి చాపి, అత్త కోసం చూస్తున్నారు.